పంట ఉంది, పద్దు లేదు

2020 మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి దేశ ప్రజలనుద్దేశించి ప్రసంగించారు. ఆ అర్ధరాత్రి నుండి 21 రోజులపాటు దేశమంతా మూసివేస్తున్నామని ప్రకటించారు. ఆ ప్రకటనకూ ఆ అర్ధరాత్రికీ నడుమ మిగిలినవి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో గుంటూరు, ప్రకాశం మైదానాల రైతు ఏమి సర్దుకోగలడు? చేలో మిరప చివరి కోతలకు వచ్చి ఉన్నది. కోసిన కాయ కల్లంలో ఎండుతున్నది. ఎండిన కాయ టిక్కీలకెత్తి యార్డుకు పంపడానికి సిద్ధంగా ఉన్నది. ధర కోసం దాచిన ఆఖరి తీత పత్తి ఇంటి మూలన గుట్టగా పడి ఉన్నది. కోతలకు వలస వచ్చిన కూలీలు చేల గట్ల మీదనే పరదాల కింద కాపురముంటున్నారు. వీరిలో ఎవరి సంగతీ ఆ ప్రసంగంలో లేదు.

ఇది జరిగి ఐదేళ్లు దాటింది. “అయిపోయిన కష్టాన్ని ఇప్పుడెందుకు తవ్వుతారు?” అని మమ్మల్ని అడిగేవారు మనలోనూ ఉన్నారు. మేము ప్రభుత్వ కార్యాలయాల్లో దశాబ్దాలపాటు దస్త్రాలు రాసి, సరిచూసి, భద్రపరచిన వాళ్లం. పదవీ విరమణ తరువాత మా పేటలోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ చేతనైన సేవ చేస్తున్నవాళ్లం. లెక్క తేలని పద్దును మూసివేయరాదన్నది మేము కొలువులో నేర్చుకున్న మొదటి పాఠం. మహమ్మారి కాలపు పద్దు ఇంకా తేలలేదు. తేలకుండానే దానిని అటకెక్కించే ప్రయత్నం జరుగుతున్నది. అందుకే ఈ వ్యాసం.

ప్రభుత్వాలు మనకు చెబుతున్న కథ ఒకటుంది. 2020 ఏప్రిల్ నుండి జూన్ వరకు దేశ స్థూల ఉత్పత్తి తొలి అంచనాల ప్రకారం 23.9 శాతం కుంగిపోయింది, వ్యవసాయం మాత్రం 3.4 శాతం పెరిగింది, కాబట్టి రైతు దేశాన్ని నిలబెట్టాడు అన్నది ఆ కథ. నిలబెట్టిన మాట నిజమే. కాని నిలబెట్టినవాడు నిలబడ్డాడా? పంట దిగుబడి పెరగడం వేరు, పండించినవాడి చేతికి డబ్బు రావడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూపించడమే మొదటి మోసం.

మా వాదన ఇది. ఆ నెలల్లో దేశంలో తిండికి కరువు లేదు. భారత ఆహార సంస్థ గిడ్డంగుల్లో ఏడు కోట్ల టన్నులకు పైగా ధాన్యం ఉన్నది. చేలలో కూరగాయలు ఉన్నాయి, కల్లాల్లో మిరప ఉన్నది. లేనిది హక్కు. ఆ హక్కు ఎవరికి ఉన్నదో మొదట కాగితం నిర్ణయించింది. ఆ తరువాత పేరు నిర్ణయించింది. కాగితమూ లేక, పేరూ కలిసిరానివాడు రెండు విధాల దెబ్బతిన్నాడు. మన సముదాయంలోని కౌలుదారులు, కూలీలు, బండి వ్యాపారులు అధికంగా ఆ కోవకు చెందినవారే.

ఈ మాట కొత్తది కాదు. 1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించిన అమర్త్య సేన్, 1981లో ప్రచురించిన గ్రంథంలో, తిండి లేక కాదు, తిండిని పొందే అర్హత లేక జనం చచ్చారని నిరూపించారు. మన జిల్లాకు కూడా ఇటువంటి జ్ఞాపకం ఉన్నది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువును మన పెద్దలు తరతరాలుగా చెప్పుకున్నారు. లక్షకు పైగా జనం నశించిన ఆ కరువు తరువాతనే కృష్ణపై ఆనకట్ట ఆలోచన బలపడింది. కరువు తరువాత ఆనకట్ట వచ్చింది. మరి మహమ్మారి తరువాత మనకేమి వచ్చింది?

యార్డు మూతపడిన రెండు నెలలు

గుంటూరు మిర్చి యార్డు ఆసియా ఖండంలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాము. ఆ గొప్పతనంలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నదని 2020లో తెలిసింది. పల్నాడు నుండి, ప్రకాశం మెట్ట నుండి, కర్నూలు, కృష్ణా, ఖమ్మం జిల్లాల నుండి వచ్చే కాయ అంతా ఒకే వాకిలి గుండా పోవాలి. ఆ వాకిలి మార్చి చివరి వారంలో మూతపడింది. మళ్లీ తెరుచుకునేసరికి సుమారు రెండు నెలలు గడిచాయి. మిర్చి రాబడికి అసలైన కాలం అదే.

దెబ్బ నిజానికి అంతకు ముందే మొదలైంది. మన తేజ రకం మిరప చైనాకు పెద్ద ఎత్తున ఎగుమతి అవుతుంది. 2019 చివర క్వింటా 20 వేల రూపాయల దరిదాపులకు చేరిన ఆ కాయ, చైనాలో వ్యాధి ప్రబలి కొనుగోళ్లు నిలిచిపోగానే, 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పడిపోయింది. ఊహాన్ నగరంలో తలుపులు మూస్తే పెదనందిపాడు కల్లంలో కాయ మిగిలిపోయింది. లోకమంతా ఒక్కటేనని పండితులు చెబుతారు, ఆ సంగతి మన రైతుకు వడ్డీ రూపంలో తెలిసింది.

శీతల గిడ్డంగులు ఉన్నాయి కదా అంటారు. గుంటూరు చుట్టూ నూరుకు పైగా ఉన్న మాట వాస్తవమే. కాని వాటిలో కాయ నిల్వ చేయడానికి బస్తాకు అద్దె ఉన్నది, రవాణా ఖర్చు ఉన్నది, హమాలీ కూలి ఉన్నది. నిల్వ కాగితాన్ని చూపి బ్యాంకులో అప్పు తెచ్చుకోగలిగినవాడు పెద్ద రైతు, వర్తకుడు. పెట్టుబడి ఇచ్చిన కమీషన్ ఏజెంటుకు కాయ అప్పజెప్పుతానని ముందే మాట ఇచ్చిన చిన్న రైతుకు ధర కోసం ఆగే స్వేచ్ఛ ఎక్కడిది?

మాకు తెలిసిన ఒక కౌలుదారు లెక్కను ఇక్కడ ఉంచుతాము. పల్నాటి వైపు ఒక గ్రామం, మూడు ఎకరాల మిరప. కౌలు, విత్తనం, పురుగుమందు, కోత కూలి అన్నీ కలిపి అతని నెత్తిన ఉన్న అప్పు 4 లక్షల రూపాయలు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 8 వేలు. యార్డు మూసిన రెండు నెలలకు వడ్డీయే 16 వేలు. ఈ రెండు నెలల ఆలస్యంలో అతని తప్పు ఏమాత్రమూ లేదు, ప్రభుత్వ ఉత్తర్వు వల్ల జరిగినది. ఆ కుటుంబానికి ఏప్రిల్ మొదటి వారంలో బియ్యం కార్డు మీద రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నగదు 1,000 రూపాయలు. దానిని మేము తక్కువ చేయము, ఇంటికి తెచ్చి ఇచ్చిన వలంటీరును నిందించము. కాని ఒక నెల వడ్డీలో ఎనిమిదో వంతును సహాయం అని పిలిచి పద్దు మూసివేయడాన్ని మాత్రం ఒప్పుకోము.

యార్డు అంటే రైతు, వర్తకుడు మాత్రమే కాదు. మూటలు మోసే హమాలీలు, కాటా వేసేవారు, బండ్లు తోలేవారు, గుంటూరు శివారు పేటల్లో కాయ ముచ్చికలు తీసి కిలోల లెక్కన కూలి తీసుకునే స్త్రీలు దాని నీడన బతుకుతున్నారు. ఆ స్త్రీలలో మన ఇళ్లవారు ఎందరో. ఘాటుకు కళ్లు మండుతూ, చేతులు బొబ్బలెక్కుతూ చేసే ఆ పనికి హాజరు పట్టీ లేదు, భవిష్యనిధి లేదు. యార్డు మూసిన నాడు వారి కూలి ఆగిపోయింది. అది ఆగినట్లు ఏ కార్యాలయంలోనూ నమోదు కాలేదు. అట్లే చిలకలూరిపేట, గుంటూరు ప్రాంతాల పత్తి మిల్లులు ఆగినప్పుడు దినకూలీల సంగతీ. పత్తితోనే పేరు ముడిపడిన మన దూదేకుల సోదరులు వేసవిలో పరుపులు, బొంతలు కుట్టి సంపాదించుకునే నాలుగు నెలల తిండి ఆ ఏడాది రాలేదు.

మొదటి ఉత్తర్వులో లేని చేతులు

మేము గుమాస్తాలం, ఉత్తర్వును అక్షరం అక్షరం చదివే అలవాటు ఉన్నది. మార్చి 24న కేంద్ర హోం శాఖ జారీ చేసిన మార్గదర్శకాల్లో రేషన్ దుకాణానికి మినహాయింపు ఉన్నది. కిరాణా, పాలు, కూరగాయలు, మాంసం అమ్మే దుకాణాలకు మినహాయింపు ఉన్నది. చేలో రైతు, కూలీ చేసే పనికి, ధాన్యం కొనే మార్కెట్ యార్డులకు మినహాయింపు మాత్రం మూడు రోజుల తరువాత, మార్చి 27న అనుబంధ ఉత్తర్వుతో చేర్చారు. అమ్మే దుకాణం మొదటి రోజే గుర్తుకు వచ్చింది. పండించే చేతులు మూడు రోజులకు గానీ గుర్తుకు రాలేదు. ఢిల్లీలో కాగితం సవరించడానికి పట్టిన మూడు రోజులు మండల స్థాయికి దిగేసరికి మూడు వారాలయ్యాయి. పొలానికి పోతున్న కూలీని రోడ్డు మీద ఆపిన కానిస్టేబులు చేతిలో ఉన్నది మొదటి కాగితమే.

మిరప కోతలకు ఏటా కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం నుండి, ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుండి, వేలాది కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు జిల్లాకు వస్తాయి. ఉగాదికి ఇళ్లకు చేరవలసినవారు పొలాల్లోనే చిక్కుపడిపోయారు. వారి రేషన్ కార్డు ఊళ్లో ఉన్నది, ఆకలి ఇక్కడ ఉన్నది. బస్సులు పెట్టి వారిని సొంత జిల్లాకు పంపడానికి ఏప్రిల్ చివరి వరకు ఆగవలసి వచ్చింది. ఆ కుటుంబాల్లో ముస్లింలు ఉన్నారు, దళితులు ఉన్నారు, బోయలు ఉన్నారు. పరదా కింద ఎండకు అందరూ సమానమే.

తెలంగాణలో ములుగు జిల్లా మిరప చేలకు కూలికి వచ్చిన, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, తోటివారితో కలిసి మూడు రోజులు అడవి దారిన నడిచి, ఇల్లు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉండగా 2020 ఏప్రిల్ 18న మరణించింది. ఆమె వ్యాధితో చనిపోలేదు. పరీక్షలో వ్యాధి లేదనే తేలింది. మనం అన్నంలో కలుపుకునే కారంలో ఆ బిడ్డ చెమట ఉన్నది. ఆమె మరణాన్ని ఏ పద్దు కింద రాయాలో మా నలభై ఏళ్ల కొలువులో మాకు ఎవరూ నేర్పలేదు.

కార్డు లేని వలస కూలీలకు ఉచితంగా బియ్యం ఇస్తామని కేంద్రం ప్రకటించినది మే 14న. అప్పటికి మూసివేత మొదలై ఏడు వారాలు గడిచాయి. ఏడు కోట్ల టన్నుల ధాన్యం ఉన్న దేశంలో, మనిషికి 5 కిలోలు ఇవ్వవచ్చునని తోచడానికి ఏడు వారాలు పట్టింది.

కౌలుదారు ఎవరి లెక్కలో ఉన్నాడు?

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఉన్న కుటుంబానికి. 2020 ఏప్రిల్‌లో ఇవ్వవలసిన 2,000 రూపాయల విడతను మహమ్మారి సహాయంగా ముందే జమ చేశామని ప్రకటించారు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడింది? పాసు పుస్తకం ఉన్నవారి ఖాతాలో. ఆ యజమాని గుంటూరులో ఉండవచ్చు, హైదరాబాదులో ఉండవచ్చు, అమెరికాలో కుమారుడి ఇంట ఉండవచ్చు. చేలో అప్పుచేసి పండించినవాడికి ఒక్క రూపాయి రాలేదు.

రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో అమలు చేసిన రైతు భరోసా కొంత మెరుగు. ఏడాదికి 13,500 రూపాయలు భూమిలేని కౌలుదారుకు కూడా ఇస్తామన్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులు అర్హులని స్పష్టంగా రాశారు. మైనారిటీ అన్న మాట ఆ ఉత్తర్వులో ఉండడం చిన్న విషయం కాదు, దానిని మేము ఆహ్వానించాము. అయితే తలుపు తెరిచి గడప మీద గోడ కట్టారు. అర్హత రుజువు కావాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రం రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం కావాలి. 2011 నాటి చట్టంలో యజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు పొందే వీలుండేది. కొత్త చట్టం ఆ వీలును తీసివేసింది.

యజమాని ఎందుకు సంతకం చేయడు? అతనికీ ఒక భయం ఉన్నది. కౌలుదారు పేరు కాగితానికి ఎక్కితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమో అన్న పాత అనుమానం. పంట రుణం, సబ్సిడీ, నష్టపరిహారం తన పేర రావడం ఆగిపోతుందన్న లెక్క. కౌలు నోటి మాటతో నడిచినంత కాలం ప్రతి ఏటా పెంచుకోవచ్చునన్న సౌకర్యం. మేము ఒక కుటుంబంతో కలిసి కార్యాలయం మెట్లెక్కినప్పుడు అక్కడి ఉద్యోగి, “యజమానిని తీసుకురండి, ఐదు నిమిషాల పని” అన్నాడు. ఆ ఐదు నిమిషాల కోసం ఆ కౌలుదారు యజమాని ఇంటి చుట్టూ ఇరవై రోజులు తిరిగాడు. చివరికి, “వచ్చే ఏడు చేను కావాలా, వద్దా?” అన్న ప్రశ్న ఎదురైంది. అతడు చేనునే ఎంచుకున్నాడు. పత్రం వదులుకున్నాడు.

పత్రం లేనందువల్ల అతనికి బ్యాంకు అప్పు లేదు, పంట బీమా లేదు. పత్తిని మద్దతు ధరకు పత్తి సంస్థ కేంద్రంలో అమ్ముకోవాలన్నా సాగు కాగితాలే అడుగుతారు. 2019–20లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 5,550 రూపాయలు. ఆ ధర రైతు పేర నమోదైనవాడికి. పేరు లేనివాడు ఊరి వర్తకుడికి అతడు చెప్పిన ధరకే తూచాడు. 1987–88లో తెల్లదోమ వల్ల పత్తి నాశనమై ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న నాడు మేము ఉద్యోగంలో ఉన్నాము. ఆ నాడు కూడా నష్టపరిహారం పట్టికల్లో కౌలుదారు పేరు వెతికితే దొరకలేదు. మధ్యలో ముప్పై ఏళ్లు గడిచాయి, ఎన్నో ప్రభుత్వాలు మారాయి. పట్టిక మారలేదు.

మహమ్మారి అప్పు తీరకముందే 2021–22లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. చేలకు చేలు దున్నివేశారు. 2025లో మహమ్మారి ఏదీ లేకుండానే మిర్చి ధర కూలిపోయి, క్వింటాకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యం ధరను కేంద్రం ప్రకటించవలసి వచ్చింది. ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలోనే అన్నదాత సుఖీభవ పథకాన్ని ప్రారంభించారు. పథకాల పేర్లు మారుతున్నాయి, మొత్తాలు పెరుగుతున్నాయి. ఏ పథకం వచ్చినా ముందు అడిగేది పాసు పుస్తకమే.

తోపుడు బండి మీద పడిన నింద

ఇక రెండో దెబ్బ. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు మార్చిలో వెళ్లి వచ్చినవారిలో వ్యాధి సోకినవారు ఉన్న మాట నిజం. మన జిల్లాలలోనూ ఏప్రిల్ మొదటి రోజుల్లో తేలిన కేసుల్లో వారున్నారు. దానిని మేము దాచము. ఆ సమయంలో అంత పెద్ద సమావేశం నడవనివ్వడం వివేకమా అని మనలో మనం చర్చించుకున్నాము కూడా. కాని ఒక వ్యాధికి మతం పేరు పెట్టి, దానిని కుట్రగా చిత్రించి, టీవీల్లో రాత్రింబవళ్లు ఊదరగొట్టినదాని ఫలితం ఎవరి మీద పడింది? మర్కజ్ ఎక్కడుందో కూడా తెలియని కూరగాయల బండివాడి మీద.

సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ముస్లిం పురుష కార్మికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారు, జాతీయ సగటు 8 శాతం లోపే. చేనుకూ వంటింటికీ నడుమ తోపుడు బండితో, ట్రాలీ ఆటోతో, సైకిలు మీద బుట్టతో తిరిగేవారిలో మనవారు ఎక్కువ. మా వీధి కుర్రవాడు ఒకడు తెల్లవారుజామున రైతుల దగ్గర వంగ, బెండ, దోస కొని పక్క గ్రామాల్లో అమ్మేవాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఊరి పొలిమేరలో దారికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉన్నది. అప్పట్లో చాలా ఊళ్లు అట్లా వేసుకున్నాయి, అది భయం, అర్థం చేసుకోగలము. కాని అక్కడ కావలి ఉన్నవారు అతని బండిలో ఏమున్నదని అడగలేదు, దగ్గు ఉన్నదా అని అడగలేదు. పేరు అడిగారు. పేరు విని వెనక్కి పంపారు. అతని వెనుక వచ్చిన మరో బండి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం అతని ఇంట్లో కూరగాయలు కుళ్లాయి. కాని కుళ్లినవి అతనివి మాత్రమేనా? మరుసటి రోజు నుండి అతడు కొనడం మానేశాడు. అతనికి వంకాయలు అమ్మే రైతులు నలుగురు, వారిలో ఒక్కరూ ముస్లిం కారు. వారి తోటల్లో కాయ ముదిరిపోయింది. పొలిమేర లోపల ఉన్న ఇల్లాలు అదే వంకాయను రెట్టింపు ధరకు కొన్నది. ద్వేషం ఒక వర్గాన్ని మాత్రమే కొడుతుందనుకునేవారు ఈ లెక్కను గమనించాలి. ఆహార సరఫరా గొలుసు వంటిది, అందులో ఏ కడియాన్ని తెంపినా గొలుసంతా తెగుతుంది. ఆ నలుగురు రైతుల్లో ఒకాయన వారం తరువాత తానే మా వీధి మొదటికి సరుకు తెచ్చి, “డబ్బు తరువాత చూద్దాం బాబూ, ముందు అమ్ము” అని ఆ కుర్రవాడికి అప్పజెప్పి వెళ్లాడు. ఆ మాట టీవీలో రాలేదు, మేము మరచిపోలేదు.

ఇదే కాలంలో చెన్నై కోయంబేడు కూరగాయల మార్కెట్టు గురించి గుర్తు చేసుకోండి. 2020 మే నెలలో అక్కడి నుండి వ్యాధి పెద్ద ఎత్తున వ్యాపించింది. సరుకు తీసుకువెళ్లి వచ్చిన మన రాష్ట్రపు లారీ డ్రైవర్లకు, వర్తకులకు, చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో వారి కుటుంబాలకు సోకింది. ఆరోగ్య శాఖ ప్రకటనల్లో కోయంబేడు పేరు రోజూ వచ్చింది. ఎవరైనా దానికి ఒక మతం పేరు పెట్టారా? టమాటా వ్యాపారులను ఊళ్లలోకి రానివ్వవద్దని ప్రచారం చేశారా? చేయలేదు, చేయకూడదు కూడా. రెండు సంఘటనలకు రెండు కొలతలు ఎందుకని మాత్రమే మేము అడుగుతున్నాము. వ్యాధికి జాతి, మతం, కులం లేవని ప్రధానమంత్రి ఏప్రిల్ 19న రాసినది మేము చదివాము. అప్పటికి మా వీధి బండి ఆగిపోయి పదిహేను రోజులు దాటింది.

న్యాయస్థానాలు తరువాత ఏమన్నాయో కూడా పద్దులో రాయాలి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు, వారికి ఆశ్రయమిచ్చారని 70 మంది భారతీయులపై పెట్టిన కేసులను కొట్టివేసింది. ఐదేళ్లకు పైగా పట్టింది. నింద వేసిన రోజు మొదటి పేజీలో వేసిన పత్రికలు, కొట్టివేసిన రోజు ఏ మూలన వేశాయో పాఠకులకు తెలుసు. ఆ డెబ్బై మందికి కనీసం తీర్పు కాగితం దక్కింది. మా వీధి కుర్రవాడికి ఏ తీర్పు వస్తుంది? 2020 జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకు 10 వేల రూపాయల పథకం తెచ్చింది. అది పరిహారం కాదు, అప్పు. అది కూడా పట్టణ వ్యాపారులను ఉద్దేశించినది, గుర్తింపు పత్రం ఉన్నవారికి. ఊళ్లు తిరిగి అమ్మేవాడు మళ్లీ కాగితం దగ్గరే ఆగిపోయాడు.

మన ఇంటి లెక్క

ఇతరులను లెక్క అడిగేవారు తమ లెక్క కూడా చూపించాలి. 2020 ఏప్రిల్ 25న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి, మే 25న ఇళ్లలోనే ఈద్ నమాజు చదువుకున్నాము. ఆ నెలలో మన యువకులు చేసిన సేవ తక్కువది కాదు. తాము ఉపవాసముండి, జాతీయ రహదారి వెంట నడిచిపోతున్న కూలీలకు అన్నం పొట్లాలు, మంచినీళ్లు అందించారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఇది మనం గర్వించదగినది.

అయితే మన జకాత్ పట్టణంలోనే తిరిగింది. పల్లెలో మిరప చేను కౌలుకు చేసే షేక్ కుటుంబం వరకు అది చేరలేదు. అతనికి పంట ఉన్నది కదా, పేదవాడు కాదు అని మనమే తేల్చేశాము. ఇంట 40 టిక్కీల మిర్చి ఉండి, గిన్నెలో బియ్యం లేనివాడు ఎట్లా ఉంటాడో మనకు తట్టలేదు. అప్పులో మునిగినవాడు కూడా జకాత్‌కు అర్హుడని ధర్మశాస్త్రం చెప్పిన సంగతిని మనం మసీదులో వింటాము, కమిటీ సమావేశంలో మరచిపోతాము. పంట మీద ఇవ్వవలసిన ఉష్ర్‌ను వసూలు చేసి ఊళ్లోని భూమిలేనివారికి పంచే పద్ధతి మన జిల్లాల్లో ఎన్ని గ్రామాల్లో మిగిలి ఉన్నది? మరొక మాట చేదుగా ఉన్నా చెప్పాలి. మసీదులకు, దర్గాలకు ఉన్న వక్ఫ్ పొలాలను కౌలుకు తీసుకున్న పేదవారికి ఆ ఏడాది కౌలు తగ్గించామని ఎన్ని కమిటీలు గుండెమీద చెయ్యివేసుకుని చెప్పగలవు? హిజ్రీ 18లో కరువు వచ్చినప్పుడు, ప్రజలకు అందేవరకు తాను నెయ్యి, మాంసం ముట్టనని నియమం పెట్టుకున్న ఖలీఫా ఉమర్ (రజి) గురించి ప్రసంగించడం సులభం. మన అధీనంలో ఉన్న నాలుగు ఎకరాల కౌలులో నాలుగో వంతు తగ్గించడం కష్టమైంది.

మేము కోరేది

మొదటిది, సాగుదారు హక్కు పత్రానికి యజమాని సంతకం నిబంధనను తొలగించాలి. ఎవరు ఏ చేను చేస్తున్నారో గ్రామంలో అందరికీ తెలుసు. గ్రామ సభలో విచారించి, అభ్యంతరానికి గడువిచ్చి, పత్రం ఇవ్వవచ్చు. యజమాని భూమి హక్కుకు దీనివల్ల భంగం లేదని చట్టంలోనే రాయవచ్చు, అప్పుడు అతని భయమూ తీరుతుంది.

రెండవది, ప్రభుత్వ ఉత్తర్వుతో మార్కెట్ యార్డు మూతపడిన రోజులకు పంట అప్పు మీద వడ్డీని, నిల్వ అద్దెను ప్రభుత్వమే భరించాలి. ఒకే వాకిలి మీద ఆధారపడకుండా మండల స్థాయిలో, శీతల గిడ్డంగుల వద్ద కాటా వేసి కొనే ఏర్పాటు ముందుగానే సిద్ధం చేయాలి. గిడ్డంగి కాగితం మీద కౌలుదారుకు కూడా అప్పు ఇవ్వాలి.

మూడవది, కోతలకు వలస వచ్చే కుటుంబాలను అవి దిగిన గ్రామ సచివాలయంలోనే నమోదు చేసి, ఉన్నచోటనే బియ్యం ఇవ్వాలి. ముచ్చికలు తీసే స్త్రీలను, హమాలీలను, మిల్లు దినకూలీలను కార్మికులుగా గుర్తించాలి.

నాలుగవది, పల్లెల్లో తిరిగి ఆహారం అమ్మేవారికి గుర్తింపు కార్డు ఇవ్వాలి. విపత్తు కాలంలో వారిని అత్యవసర సేవకులుగా ప్రకటించాలి. పేరు అడిగి బండిని ఆపడం నేరమని, ఆపినవారిపై కేసు నమోదు చేయవలసిన బాధ్యత స్థానిక పోలీసుదని ఉత్తర్వులోనే రాయాలి.

ఐదవది, ఆ రెండేళ్లలో ఈ మైదానాల్లో కౌలుదారులకు, కూలీలకు జరిగిన నష్టంపై మండలాలవారీగా శ్వేతపత్రం ప్రకటించాలి. అందులో కౌలుదారుల, మైనారిటీల వివరాలు విడిగా ఉండాలి.

ప్రభుత్వం చేసేవరకు మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ప్రతి మసీదు కమిటీ తన పరిధిలోని కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, బండి వ్యాపారులు ఎవరెవరో ఒక పుస్తకంలో రాయాలి. ఎవరికి రేషన్ కార్డు లేదు, ఎవరికి సాగు పత్రం లేదు, ఎవరికి ఎంత అప్పు ఉన్నది అన్న మూడు గడులు చాలు. ఈ-పంట నమోదు జరిగేటప్పుడు భూమి ఎవరిదైనా సాగు చేస్తున్నవారి పేరు రాయించుకోవాలి. చదువుకున్న మన పిల్లలు వారి వెంట సచివాలయానికి వెళ్లి, దరఖాస్తు ఇచ్చి, రశీదు తీసుకోవాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగాలి. ఆ పని రానివారికి నేర్పడానికి మా వంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి పట్టణంలో ఉన్నారు, పిలిస్తే వస్తాము. ఈ పుస్తకం మన వీధితో ఆగకూడదు. పక్కవాడలోని దళిత కౌలుదారు, బీసీ కూలీ పేర్లు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే వారికి లేని కాగితమే మనకూ లేదు.

కొత్త కౌళ్లు మాట్లాడుకునేది వేసవిలో, విత్తనం పడేది జూన్ తరువాత. ఆలోగా మీ ఊరి పుస్తకం సిద్ధం చేయండి. మా పేటలో ఇప్పటికి ఒక పుస్తకం మొదలైంది. అందులో మొదటి పేరు ఆ పల్నాటి కౌలుదారుది, రెండవది ఆ కూరగాయల బండి కుర్రవాడిది.